ఏసీ పడని గొంతు

మా అక్క ఛాయాదేవికి మైకు అక్కర్లేదని అమీర్‌పేటలో జావా నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు. మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తు మీద రేకుల కప్పు వేసిన హాలు. కింద షేర్ ఆటోల హారన్లు, పక్క గదిలో ఇంకెవరో ఒరాకిల్ చెబుతున్న రొద. ఆ హాల్లో నిలబడి అక్క పాఠం చెబితే, కుర్చీ దొరక్క వెనక గోడకి ఆనుకున్న కుర్రాడికి కూడా ప్రతి మాటా స్పష్టంగా వినిపించేది. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదటిరోజు డెమో ఉచితం. కరీంనగర్ నుంచీ కాకినాడ నుంచీ బస్సు దిగిన పిల్లలు పొద్దున్నుంచి సందుసందుకీ తిరిగి డెమోలు వింటారు, ఎవరు చెప్పింది చెవికెక్కితే వాళ్ళ దగ్గర చేరిపోతారు. నోట్సు అందరూ ఒకరి దగ్గర ఒకరు కొట్టుకొచ్చిందే. తేడా ఏమైనా ఉంటే గొంతులోనే. అక్క డెమో ఉన్నరోజు పక్క సెంటర్ వాళ్ళు తమ డెమోని మర్నాటికి మార్చుకునేవారు.

నేను ఆవిడ చెల్లెలు రవళిని. నిడదవోలులో డిగ్రీ వెలగబెట్టి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటే ఎవడో ఒకడు ఉద్యోగం ఇవ్వకపోతాడా అని వాళ్ళింట్లో మకాం పెట్టాను. ఇల్లు పంజగుట్టలో, ద్వారకాపురి కాలనీలో. వాళ్ళకి పిల్లల్లేరు. ఇంట్లో గారాబం అంతా నాకే, చీవాట్లూ నాకే.

ఇక మా బావ. పేరు హనుమత్ప్రసాద్, నీటిపారుదల శాఖలో ఇంజనీరు, ఎర్రమంజిల్‌లో ఆఫీసు. మనిషి మంచివాడు, అందులో అనుమానం లేదు. కానీ లోకంలో ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనీ, దాన్ని పట్టుకుంటే సగం పని అయిపోయినట్టేననీ ఆయన నమ్మకం. కాలవకి గండి ఎక్కడ పడిందా అని వెతికీ వెతికీ అవే కళ్ళతో ఇంటిని కూడా చూసేవాడు. పప్పు మాడితే స్టవ్ బర్నర్ విప్పి ముందేసుకునేవాడు. నాకు ఒక ఇంటర్వ్యూ పోతే, నడుస్తుంటే చెప్పులు కిర్రుమన్నాయి కాబట్టి పోయిందని తేల్చాడు. చెప్పులు మార్చాను. రెండోది కూడా పోయింది. "అయితే బ్యాగు" అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా.

రెండువేల ఐదు వేసవిలో బావ కారు కొన్నాడు. వెండి రంగుది, చిన్నది. మా రెండు కుటుంబాల్లోనూ అదే మొదటి కారు, అదీ ఏసీతో. రోజూ పొద్దున్నే అక్కనీ నన్నూ అమీర్‌పేటలో దింపి, మళ్ళీ అదే దారిన వెనక్కొచ్చి ఎర్రమంజిల్ వెళ్ళేవాడు. ఆ ట్రాఫిక్‌లో మేమిద్దరం నడిచినా అంతే సేపు పట్టేది. పంజగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడిందంటే ఆయనకి పండగే. అద్దాలు ఎత్తి, ఏసీ పెంచి, పక్కన జనం వేలాడుతున్న సిటీ బస్సు వైపు ఒక చూపు చూసేవాడు. "అక్కా, బావ కారు నడపడానికి కొనలేదే, ఆపడానికి కొన్నాడు" అనేదాన్ని. అక్క పకపకా నవ్వేది. ఏసీ అంటే అక్కకి ప్రాణం. పగలంతా రేకుల కింద ఉడికిపోయే మనిషికి కారులో ఉన్న ఆ కాసేపే హాయి. గాలి తన వైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేది.

కార్తీకం వెళుతుండగా అక్క గొంతు బొంగురుపోయింది. జలుబు లేదు, దగ్గు లేదు, జ్వరం లేదు. మాట పైకి లేవకుండా మధ్యలో జారిపోయేది. మొదట చలి అనుకున్నాం. పటికబెల్లం, మిరియాలు, శొంఠి అన్నీ అయ్యాయి. తగ్గలేదు. అప్పుడు బావ రంగంలోకి దిగాడు.

భోజనాల దగ్గర చాలాసేపు అక్కనే చూస్తూ కూర్చుని, చివరికి కంచం పక్కకి నెట్టి అన్నాడు.

"పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. ఎప్పుడైనా నీ గొంతు పోయిందా? పోలేదు. ఇప్పుడు కొత్తగా ఏం వచ్చింది మన జీవితంలో?"

"రవళి" అంది అక్క.

"కారు!" అన్నాడు బావ. "ఆ ఏసీ తిన్నగా నీ మెడకి కొడుతోంది. లోపల చలవ చేసింది. దొరికింది ఛాయా, కారణం దొరికింది."

వినడానికి ఎంత నిజంలా ఉందో! నిడదవోలు నుంచి అమ్మ కూడా ఫోన్లో అదే పాట. "మన ఒంటికి ఏసీలు పడవమ్మా, నేను ముందే అనుకున్నాను." ఎదురింటి వాళ్ళూ అదే అన్నారు. ఏసీ పడకపోవడం అనేది మా వైపు ఎంత పెద్ద రోగానికైనా సరిపోయే జవాబు. అక్క తలూపింది.

ఆ ఆదివారం ముగ్గురం పంజగుట్టలో రాకేశ్ అనే మెకానిక్ షెడ్డుకి వెళ్ళాం. బావ చెప్పిందంతా విని అతను తల గోక్కున్నాడు.

"ఏసీ బంద్ చెయ్యాలె, గంతే గదా సార్? బటన్ ఒత్తకుంటె అయిపాయె. దానికి వైర్ పీకుడెందుకు?"

"నేను ఒత్తనయ్యా. ఈవిడ ఒత్తుతుంది. దుమ్మని అద్దాలు ఎత్తుతుంది, ఉక్కపోస్తోందని ఏసీ ఒత్తుతుంది. అసలు కంప్రెషరే ఆడకూడదు."

"ఎండకాలం దాంకనా?"

"గొంతు బాగయ్యేదాకా."

రాకేశ్ బోనెట్ ఎత్తి, కంప్రెషర్‌కి పోయే తీగ ఊడదీసి, కొసకి నల్ల టేపు చుట్టి పక్కకి కట్టేశాడు. "అయిపాయింది సార్. ఇగ ఎంత ఒత్తినా ఉత్త గాలే వస్తది. మైలేజి సుత జర పెరుగుతది" అన్నాడు. బావ బటన్ ఒత్తి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, చల్లగా లేదని నమ్మకం కుదిరాక అక్క మెడకి తన మఫ్లర్ చుట్టాడు. అంత జాగ్రత్తగా చుట్టాడని నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ చేతులు తలచుకుంటే నవ్వు రాదు.

దేవుడు మాతో ఆడుకున్నది ఇక్కడే. తీగ తీసిన వారంలోనే అక్క గొంతు కాస్త తెరుచుకుంది. పాత బ్యాచ్ అయిపోయి కొత్తది ఇంకా మొదలుకాని రోజులవి. గొంతుకి పని లేదు, విశ్రాంతి దొరికింది. అంతకంటే ఏమీ లేదని ఇవాళ చెప్పగలను. ఆ రోజు మాత్రం బావ కాళ్ళు నేల మీద ఆనలేదు. చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. ఆఫీసులో అందరికీ చెప్పాడు. ఆయన మాట విని కామరాజు అనే పక్క సీటాయన కూడా తన కారులో తీగ పీకించుకున్నాడు. "చూశావా మరదలా? డాక్టర్ లేడు, మందు లేదు. కారణం పట్టుకున్నాను, అంతే" అన్నాడు నాతో.

డిసెంబర్‌లో చలి ముదిరింది. గొంతు మళ్ళీ దిగడం మొదలైంది, ఈసారి ఆగకుండా. ఇంత దొరికాక బావ వెనక్కి తగ్గుతాడా? ఇంకా ఎక్కడో గాలి దూరుతోందన్నాడు. కారులో గాలి వచ్చే కంతల్లో గుడ్డలు కుక్కాడు. అద్దాలు దించనివ్వలేదు. మా ముగ్గురి ఊపిరికీ ముందు అద్దం మీద పొగ కమ్మేది, ఏసీ ఉంటే అది క్షణంలో పోయేదట. అక్క మఫ్లర్ కొసతో తుడిచేది, ఆయన మెడ సాచి ఆ తుడిచిన మేర లోంచి చూస్తూ నడిపేవాడు. ఇంట్లో ఫ్రిజ్ ఆపేశాడు. ఫ్యాన్లు ఆపేశాడు.

"బావా, ఒక్కసారి గొంతు డాక్టర్‌కి చూపిద్దాం" అన్నాను.

"కారణం తెలిశాక డాక్టరెందుకు? గొట్టం దూర్చి చూసి, ఏసీ మానెయ్యమంటాడు. మానేశాం కదా?"

 

జనవరి బ్యాచ్ డెమోకి అక్క మొదటిసారి మైకు పట్టుకుంది. నేను వెనక నిలబడ్డాను. హాలు కిక్కిరిసిపోయింది. ఛాయ మేడమ్ డెమో అంటే అంతే మరి. అక్క నోరు తెరిచింది. మైకులోంచి ఊపిరి వచ్చింది, మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మాట సగం గాలి, సగం గరగర.

"మేడమ్, ఇనవడ్తలేదు" అన్నాడు ఒకడు మర్యాదగానే.

అక్క చిరునవ్వు నవ్వి, బోర్డు వైపు తిరిగి, చెప్పాల్సిందంతా రాయడం మొదలుపెట్టింది. చాలా వివరంగా, గుండ్రటి అక్షరాలతో రాసింది. వెనక నుంచి పిల్లలు ఒక్కొక్కరే లేచారు. గొడవ చెయ్యలేదు పాపం, చప్పుడు కాకుండా, వంగి వంగి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు. పక్క సందులో ఇంకో డెమో ఉంది వాళ్ళకి. అక్క రాయడం ముగించి చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ ఇటు తిరిగేసరికి, ముందు వరసలో మొహమాటంకొద్దీ మిగిలిపోయిన కొద్దిమందీ, నేనూ ఉన్నాం. ఆ ఖాళీ కుర్చీల్ని అక్క చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. సాయంత్రానికి సెంటర్ ఓనరు, "రెస్ట్ తీసుకోండి మేడమ్, మీ ప్లేస్ ఎక్కడికీ పోదు" అన్నాడు. మర్నాడు గోడ మీద ఇంకెవరి పేరో ఉంది.

బావ ఆఫీసుకి వెళ్ళాక అక్కని ఆటోలో ఎక్కించుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. దారిలో నా చెవి దగ్గర నోరు పెట్టి అక్క చెప్పింది.

"ఏసీ కాదే ఇది. నాకు మొదట్నించీ తెలుసు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావ్?"

"ఆయన అంత ఇదిగా పట్టుకున్నారు. కాదని ఎలా అనను? కాకపోతే ఇంకేమిటి అని అడుగుతారు. ఇంకేమిటో తెలుసుకోవాలంటే నాకూ భయమేసింది."

డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూశాడు. గొంతులో ఏ పుండూ లేదన్నాడు. ఎడమవైపు స్వరతంత్రి కదలడం లేదు, దానికి వచ్చే నరం ఛాతీలోంచి చుట్టు తిరిగి పైకి వస్తుంది, అక్కడెక్కడో ఏదో నొక్కుతోంది, వెంటనే ఎక్స్‌రే ఫోటో తీయించమన్నాడు. ఫోటో అయింది, స్కానింగ్ అయింది, ఆ తర్వాత పెద్దాసుపత్రి. ఊపిరితిత్తిలో గడ్డ. అది కాన్సరనీ, అప్పటికే పక్కకి పాకిందనీ చెప్పిన రోజు బావ మా పక్కనే కూర్చుని ఉన్నాడు.

"గొంతు మారి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు ఆ పెద్ద డాక్టరు.

"కార్తీకంలో, నవంబర్‌లో మొదలైంది సార్."

"అప్పుడే వచ్చి ఉంటే..." అని ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

బావ ముందుకి వంగాడు. "ఏసీ వల్ల వచ్చిందా డాక్టర్ గారూ?"

"ఏసీయా? దానికీ దీనికీ ఏ సంబంధం లేదండి."

"మరి దేనివల్ల? ఈవిడ సిగరెట్ తాగదు. మా ఇంట్లో ఎవరూ తాగరు. కట్టెల పొయ్యి లేదు. మరి దేనివల్ల?"

"కొంతమందికి కారణం దొరకదండి" అన్నాడు డాక్టరు మెల్లగా.

ఆ మాటతో మా బావ కుప్పకూలిపోయాడు. జబ్బు పేరు విన్నప్పుడు కూడా అంత కాలేదు. ఆ రోజు నుంచీ అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. గడ్డం మాసిపోయింది. ఇంటికొచ్చినా కారు దిగేవాడు కాదు, స్టీరింగ్ పట్టుకుని కాలనీలో ఆగిన కారులోనే కూర్చుండిపోయేవాడు. కీమో గదుల బయట కనిపించిన ప్రతి మనిషినీ అడిగేవాడు, మీవాళ్ళకి దేనివల్ల వచ్చిందని.

నాకు జాలి కలగలేదు. నిజం చెబుతున్నాను, అణుమాత్రం కలగలేదు. ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే గట్టిగా నవ్వే మనిషి గొంతు లోపల తెగిపోతుంటే, ఈయన కారుకి తీగ పీకి కంతల్లో గుడ్డలు కుక్కాడు! నువ్వే చేశావు బావా ఇది, అని ఆయన మొహం మీద అనాలని మాటలు సిద్ధం చేసుకున్నాను. వంట చేస్తూ అనుకునేదాన్ని, బట్టలు ఉతుకుతూ అనుకునేదాన్ని. అక్క వినకుండా ఆయన ఒక్కడూ దొరకడం కోసం కాచుకుని ఉన్నాను.

శివరాత్రి దాటాక ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నాం. ఆ పూట స్కానింగ్ చూసి, మందు పనిచెయ్యడం లేదని చెప్పారు. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. పంజగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడింది. అద్దాలు దించి ఉన్నాయి, బస్సుల పొగ లోపలికొస్తోంది. అక్క ముందు సీట్లో, తలకి స్కార్ఫ్ చుట్టుకుని ఉంది. నేను వెనక.

బావ ఉన్నట్టుండి తల స్టీరింగ్‌కి ఆనించాడు.

"నేనే చంపేశాను ఛాయా నిన్ను" అన్నాడు. "నవంబర్‌లో తీసుకెళ్ళాల్సింది. తీగ పీకించి కూర్చున్నాను. నేనే చంపేశాను."

పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆయన తలెత్తలేదు. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. అవును బావా, నువ్వే. అంతే, అంతకన్నా పెద్దది కూడా కాదు. నేను ముందుకి వంగాను కూడా.

అక్క ఎడమ చెయ్యి వెనక్కి చాపి నా మోకాలు గట్టిగా పట్టుకుంది. నా వైపు చూడలేదు. కుడిచేత్తో ఆయన భుజం తట్టింది. అప్పటికి అక్క ఒక ఊపిరికి రెండు మూడు మాటలే అనగలిగేది. ఆ హారన్ల మధ్య వినపడాలని ఆయన చెవి దగ్గరికి వంగి, ఆగి ఆగి చెప్పింది.

"ఏసీ వల్లేనండీ."

"డాక్టరు కాదన్నాడు కదా."

"ఆయనకేం తెలుసు? ఆ గాలి తగిలినప్పుడల్లా... లోపల గుచ్చుకునేది. నేను చెప్పలేదు మీకు. మీరు తీయించాక... గుచ్చుకోవడం ఆగింది." ఊపిరి తీసుకుంది. "మీరు ముందే పట్టుకోబట్టి... ఇన్నాళ్ళున్నాను."

బావ తలెత్తి చూశాడు. "నిజంగానా?"

"ఒట్టు" అంది అక్క.

ఎవడో వచ్చి బోనెట్ మీద చేత్తో కొట్టి తిట్టిపోయాడు. బావ కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు. "నేను అనుకుంటూనే ఉన్నాను. ఊరికే ఎలా వస్తుంది?" అన్నాడు చౌరస్తా దాటాక. ఆ సాయంత్రం గడ్డం గీసుకున్నాడు, రెండు పూటలకి సరిపడా అన్నం తిన్నాడు. నా మోకాలి మీద అక్క గోళ్ళు దిగిన చోట ఎర్రగా కందిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. అంత కష్టపడి కూడబెట్టిన ఊపిరంతా ఆ మనిషికే ఎందుకు పెట్టిందో, నాకు ఒక్క మాటైనా ఎందుకు మిగల్చలేదో అర్థం కాలేదు. ఆయన్ని అసహ్యించుకునే హక్కు కూడా లాక్కుంది నా దగ్గర్నుంచి.

వైశాఖంలో అక్క పోయింది. ఆఖరి వారాల్లో గొంతు బొత్తిగా లేదు, పెదవులు కదిపేది.

పదోరోజు భోజనాలకి ఆఫీసు వాళ్ళూ, కాలనీ వాళ్ళూ, అక్క దగ్గర చదువుకున్న పిల్లలు కొందరూ వచ్చారు. నేను పులిహోర వడ్డిస్తున్నాను. చిన్న వయసు కదండీ, అసలెలా వచ్చింది, అని కామరాజు గారు బావని అడిగారు.

"ఏసీ అండీ" అన్నాడు బావ. గొంతు స్థిరంగా ఉంది. "చలవ లోపలికి దిగిపోయింది. నవంబర్‌లోనే పట్టుకున్నాను నేను. కంప్రెషర్ తీగ అప్పుడే తీయించేశాను. లేకపోతే సంక్రాంతికే పోయేది మనిషి. ఆ నాలుగు నెలలూ అలా దక్కాయి." పంక్తి పొడుగునా తలలు ఊగాయి. కొంచెం దూరంలో నేనున్నానని గుర్తొచ్చి ఆయన నా వైపు తిరిగాడు. తినడం ఆపి అందరూ నా వైపే చూశారు. "కదా రవళీ? అక్క నీ ముందే చెప్పింది కదా?"

ఆయన కళ్ళల్లో ఏ కాస్త అనుమానం కనిపించినా నిజం చెప్పేసేదాన్నేమో. చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు.

"అవును బావా" అన్నాను. "మీరు పట్టుకోబట్టే."